సేఫ్టీ ట్యాంకా, రెండు గుంతలా, బయో ట్యాంకా? డ్రైనేజీ లేని చోట ఇల్లు కట్టేవాళ్ళకు

"మా సేఫ్టీ ట్యాంకు కట్టి ఇరవై రెండేళ్ళయింది, ఒక్కసారి కూడా నిండలేదు." ఈ మాట మన ఊళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కట్టిన మేస్త్రీని మెచ్చుకుంటూ చెప్పే మాట అది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మా అక్క వాళ్ళ బోరు నీళ్ళు వాసన రావడం మొదలయ్యాక పరీక్షకు పంపితే ఈ-కొలై, అంటే నీళ్ళలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా, ఉందని రిపోర్టు వచ్చింది. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఈ-కొలై అసలు కనిపించకూడదు. అప్పుడు ట్యాంకు మూత తీయించి చూశాం. నాలుగు వైపులా గోడలున్నాయి, అడుగు లేదు. కింద వట్టి మట్టి. బోరు అక్కడికి పాతిక అడుగుల దూరంలో ఉంది.

మేస్త్రీ మోసం చేశాడని నేను అనను. ఆ వీధిలో అందరికీ అలాగే కట్టాడు, అందరూ అలాగే కట్టమన్నారు. "అడుగు వెయ్యకపోతే నీళ్ళు ఇంకిపోతాయి, క్లీనింగ్ ఖర్చు ఉండదు" అనేది అందరికీ తెలిసిన లెక్క. సరిగ్గా కట్టిన సెప్టిక్ ట్యాంకు (మనం సేఫ్టీ ట్యాంకు అనేది దీన్నే) అయితే వాడకం మొదలైన వారం పది రోజుల్లోనే నిండుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. బరువైన మడ్డి అడుగుకు చేరుతుంది, తేలికైన తెట్టు పైకి తేలుతుంది, మధ్యలో ఉన్న నీళ్ళు మాత్రమే పైపు ద్వారా బయటికి వెళ్తాయి. నిండని ట్యాంకు అంటే కింది నుంచి కారిపోతున్న ట్యాంకు.

అందుకే ఎవరైనా "ఏ ట్యాంకు మంచిది?" అని అడిగితే నేను ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను. ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్ళు మీ స్థలంలో ఎక్కడికి పోతాయి? దానికి జవాబు దొరికితే ట్యాంకు ఎంపిక సగం అయిపోయినట్టే.

నియమాలు ఏం చెప్తున్నాయి, ఎవరు చూస్తారు

పారిశుద్ధ్యం మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని అంశం. అందుకే ఇంటి మురుగునీటి మీద దేశమంతటికీ కలిపి ఒకే లైసెన్సు, ఒకే తనిఖీ లేవు. ఇంటి ప్లానుకు అనుమతి మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇస్తుంది. ట్యాంకు ఎలా కట్టాలో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ చెప్తుంది. సెప్టిక్ ట్యాంకులకు ఐఎస్ 2470 ఉంది. 1985 నాటి ఈ కోడ్‌లో మొదటి భాగం ట్యాంకు గురించి, రెండో భాగం ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళ గురించి. ఊళ్ళలో కట్టే ఇంకుడు గుంతల మరుగుదొడ్లకు 1987 నాటి ఐఎస్ 12314 ఉంది. ట్యాంకును ప్రమాదకరంగా శుభ్రం చేసే పనికి మనిషిని పెట్టకూడదని 2013 నాటి కేంద్ర చట్టం చెప్తుంది. ట్యాంకుల్లోంచి తీసిన మడ్డిని ఏం చెయ్యాలో కేంద్రం 2017లో ఒక జాతీయ విధానం ప్రకటించింది. అంతకు మూడేళ్ళ ముందే, 2014లో, వరంగల్ నగరపాలక సంస్థ ఈ మడ్డి నిర్వహణకు సొంత నిబంధనలు తెచ్చింది. దేశంలో ఇలాంటి నిబంధనలు తెచ్చిన మొదటి నగరం మన ఓరుగల్లే.

కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. కానీ నేను చూసిన ఇళ్ళలో ఒక్కదానికీ, కప్పు వెయ్యకముందు ట్యాంకు అడుగు చూడడానికి అధికారి వచ్చిన దాఖలా లేదు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్ళకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వచ్చే పద్ధతి మొదలైంది. అనుమతి తేలికయింది, సంతోషమే. అయితే నియమాలన్నీ పాటిస్తున్నానని సంతకం చేసేది మీరు. తనిఖీ చేసేవాడు రానప్పుడు ఆ పని కూడా మీమీదే పడుతుంది.

ఆ తనిఖీకి కావాల్సిన రెండు ముఖ్యమైన కొలతలు ఐఎస్ 2470 రెండో భాగంలో ఉన్నాయి. ట్యాంకు నీళ్ళు ఇంకే గుంత తాగునీటి బావికి గానీ బోరుకు గానీ కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. మనుషులుండే కట్టడానికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి. అంటే బోరుకు 59 అడుగులు, ఇంటి గోడకు దాదాపు 20 అడుగులు.

ఇప్పుడు మన లేఅవుట్లలో ఎక్కువగా అమ్ముడుపోయే 200 గజాల ప్లాటు తీసుకోండి. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. ముందు మూల బోరు వేసి, వెనక మూల గుంత తవ్వితే బోరు దూరం సరిపోతుంది. కానీ ఆ గుంతకు ఇంటికి మధ్య 20 అడుగులు వదలాలంటే ఇల్లు కట్టడానికి మిగిలే చోటు చాలా తక్కువ. పైగా వెనక ప్లాటు వాళ్ళ బోరు మీ గుంతకు పదడుగుల్లోనే ఉండొచ్చు. కాబట్టి వరసగా 200 గజాల ప్లాట్లు, ఇంటికో బోరు, ఇంటికో గుంత ఉన్న కాలనీలో ఎవరూ పూర్తిగా నియమం ప్రకారం కట్టలేరు. అలాంటి చోట బోరు నీళ్ళు తాగొద్దు, వంటకు వాడొద్దు అని సూటిగా చెప్పడమే నాకు న్యాయంగా తోస్తుంది. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ, మురుగు నుంచి నీళ్ళలో కరిగిన నైట్రేటు పోదు. ఐఎస్ 10500లో నైట్రేటుకు పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. పసిపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క పరీక్ష తప్పక చేయించండి.

రెండు గుంతల మరుగుదొడ్డి

ఊళ్ళో స్థలం ఉండి, నేల ఎర్ర చెలక లాగా నీళ్ళు పీల్చేదై, ఊట లోతుగా ఉంటే నా మొదటి ఓటు దీనికే. సిమెంటు వరలతోనో, కన్నాలు వదిలిన ఇటుక గోడతోనో కట్టిన రెండు గుంతలు ఉంటాయి. మధ్యలో చిన్న చాంబర్. ఒక గుంత నిండేదాకా రెండోదాని దారి మూసి ఉంచుతారు. నిండాక దారి మార్చి, మొదటి గుంతను రెండేళ్ళు కదిలించకుండా వదిలేస్తే లోపలున్నది పొడి ఎరువుగా మారుతుంది. దాన్ని పారతో తీయొచ్చు. వాసన ఉండదు, ట్యాంకర్ అక్కర్లేదు. గాలి గొట్టం కూడా అవసరం లేదు, ఎందుకంటే గ్యాస్ చుట్టూ ఉన్న మట్టిలోకి పోతుంది.

ఇది నమ్మశక్యంగా ఉండదని నాకు తెలుసు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శిగా ఉన్న పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ దగ్గరి గంగదేవిపల్లికి వచ్చి, తానే గుంతలోకి దిగి ఆ ఎరువు తీసి చూపించారు. కేంద్ర కార్యదర్శి స్థాయి అధికారి ఆ పని చెయ్యడం వెనక ఉన్న ఉద్దేశం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఈ పని ఒక కులం వాళ్ళది కాదని, రెండేళ్ళు ఆగిన గుంతలో అసహ్యించుకోవడానికి ఏమీ లేదని ఆయన మన ఊరి నేల మీదే నిలబడి చూపించారు.

అయితే దీనికి కొన్ని షరతులున్నాయి. రెండు గుంతల మధ్య కనీసం ఒక గుంత లోతంత ఎడం ఉండాలి, లేకపోతే వాడుతున్న గుంత తేమ ఆగిన గుంతలోకి వస్తుంది. వంటింటి నీళ్ళు, స్నానాల నీళ్ళు అందులోకి వదలకూడదు. ఎక్కువ వాలుగా ఉండే గ్రామీణ పాన్ పెట్టించాలి, దానికి లీటరున్నర, రెండు లీటర్ల నీళ్ళు చాలు. వెస్టర్న్ కమోడ్ పెట్టి ఫ్లష్ ట్యాంకు తగిలిస్తే గుంత మీద భారం కొన్ని రెట్లు పెరుగుతుంది. తాగునీటి బావికి పది మీటర్ల దూరమైనా ఉండేలా చూసుకోండి, స్థలం ఉంటే ఇంకా ఎక్కువే వదలండి. నీటి మట్టం గుంత అడుగుదాకా వచ్చే చోట ఇది అసలు పనికిరాదు.

చాలా ఊళ్ళలో జరిగే తప్పు ఒకటి చెప్పాలి. రెండు గుంతలకూ కలిపి ఒకే దారి ఇస్తారు, లేదా ఒకదాని వెనక ఒకటి వచ్చేలా గొలుసుగా కలుపుతారు. "రెండుంటే రెట్టింపు కాలం వస్తుంది" అనుకుంటారు. రెండూ ఒకేసారి పచ్చిగా నిండుతాయి, ఎరువు మాట దేవుడెరుగు. చాంబర్ మూత తీసి, ఒక దారి ఇటుకతో మూసి ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

సెప్టిక్ ట్యాంకు, దాని వెనక గుంత

పట్టణం అంచున, ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఉండే ఇంట్లో, పైన అద్దెకు ఇచ్చే పోర్షన్లు ఉన్నచోట సాధారణంగా ఇదే సరిపోతుంది. కానీ సరిపోయేది ట్యాంకు, గుంత రెండూ కలిసి ఉన్నప్పుడే. ట్యాంకు చేసేది సగం పని. దాని నుంచి బయటికొచ్చే నీళ్ళు తేటగా కనిపించినా రోగక్రిములు అందులో ఉంటాయి. మిగతా శుద్ధి చేసేది మట్టి. గుంత కట్టకుండా ఆ పైపును రోడ్డు పక్క మోరీలోకి వదిలితే మన ఇంటి పని సగంలో ఆపి వీధిపిల్లలు ఆడే చోట పెట్టినట్టు. చాలా పట్టణాల్లో జరుగుతున్నది అదే.

కొలతల విషయంలో మేస్త్రీ మాట కంటే కోడ్ మాట వినండి. ఏడాదికోసారి మడ్డి తీసే లెక్కన ఐదుగురికి ఐఎస్ 2470 చెప్పేది ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు నీళ్ళు. రెండేళ్ళకోసారి తీసేట్టయితే లోతు ఇంకో ఐదు సెంటీమీటర్లు. పదిమందికి రెండు మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, లోతు ఏడాదికైతే మీటరు, రెండేళ్ళకైతే మీటరూ నలభై. ఇరవై మందికి 2.3 మీటర్లు, 1.1 మీటర్లు, 1.3 మీటర్లు, రెండేళ్ళకైతే లోతు 1.8. ఇవన్నీ నీళ్ళ కొలతలు. పైన మరో 30 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. ఈ కొలతలు విన్నప్పుడు చాలామంది "ఇంత చిన్నదా?" అంటారు. మన దగ్గర గది అంత ట్యాంకు కట్టి గర్వపడతారు. అంత పెద్దది కడితే చెడిపోదు గానీ, పదిహేనేళ్ళు దాని ఊసెత్తరు. ఆ లోపు అడుగున మడ్డి గట్టిపడి, మిషన్ పైపుకు కూడా రాకుండా పోతుంది. అప్పుడే మనిషిని దించాలనే పాడు ఆలోచన వస్తుంది.

పొడవు వెడల్పుకు రెండు నుంచి నాలుగు రెట్లు ఉండాలి. చదరంగా కడితే వచ్చిన మురుగు తేరుకోకుండానే బయటికి పోతుంది. 2000 లీటర్లు దాటిన ట్యాంకుకు మధ్యలో గోడ పెట్టి రెండు గదులు చెయ్యాలి, మొదటిది రెండోదానికి రెట్టింపు. బయటికి పోయే పైపు, లోపలికి వచ్చే పైపు కంటే 5 సెంటీమీటర్లు కిందుండాలి. రెండు చోట్లా ఇంగ్లీషు 'T' ఆకారపు పైపు ఉండాలి, లేకపోతే తెట్టు నేరుగా గుంతలోకి పోయి, గుంత కొన్నేళ్ళలోనే మూసుకుపోతుంది. గాలి గొట్టం కనీసం 50 మిల్లీమీటర్లది, ట్యాంకు ఇంటికి 15 మీటర్ల లోపు ఉంటే ఇంటి కప్పుకు 2 మీటర్ల పైదాకా పెట్టి, చివర దోమల జాలీ కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం అడుగు కాంక్రీటు, లోపల గోడలకు ప్లాస్టరింగ్. కప్పు వెయ్యకముందు ట్యాంకు నిండా నీళ్ళు పోసి ఒక రోజంతా ఉంచండి, మట్టం తగ్గితే కారుతున్నట్టే. నీళ్ళ ట్యాంకర్ ఖర్చుకు వెనకాడవద్దు. ఇల్లు మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద తప్పు పట్టే పరీక్ష ఇంకోటి నాకు తెలియదు.

గుంత సంగతి. కనీసం 90 సెంటీమీటర్ల వెడల్పు, పైపు వచ్చే చోటి నుంచి కిందికి కనీసం మీటరు లోతు. ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కుంది. వాన నీళ్ళు నేలలోకి దించడానికి తవ్వేదాన్నీ ఇంకుడు గుంత అంటాం, సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకేదాన్నీ ఇంకుడు గుంతే అంటాం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చాక వాన నీటి గుంతల మీద మంచి ప్రచారమే జరిగింది, మునిసిపాలిటీ కూడా అడుగుతుంది. కొందరు మేస్త్రీలు ఒకే గుంత తవ్వి రెండు పైపులూ అందులోకే ఇస్తున్నారు. వాన నీళ్ళతో పాటు మురుగును కూడా బోరు పక్కనే భూమిలోకి దించడం అది. ప్లానులో రెండూ వేరు వేరుగా గీయించండి. వాన నీళ్ళు ట్యాంకులోకి కూడా రాకూడదు, ఒక్క జడివానకు మడ్డి అంతా కదిలి గుంతలోకి కొట్టుకుపోతుంది.

నేల పీలుస్తుందో లేదో తెలుసుకునే పరీక్ష

ఇది ఎవరైనా చేసుకోవచ్చు. గుంత రాబోయే చోట ఆ లోతున, జానెడు వెడల్పు గొయ్యి తియ్యండి. అడుగున కొంచెం కంకర వేసి, నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టండి. మర్నాడు మళ్ళీ నీళ్ళు పోసి, మట్టం 2.5 సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం, తగ్గడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. 30 నిమిషాల లోపయితే ఇంకుడు గుంత పనిచేస్తుంది. అది దాటితే వట్టి గుంత మీద ఆధారపడకూడదు, కన్నాల పైపు పరిచిన పొడవాటి కాలువలు కావాలి. గంట దాటితే ఆ నేల మీ నీళ్ళను తీసుకోదు.

పరీక్ష ఎండాకాలంలో చేసి మురిసిపోవద్దు. నల్లరేగడి ఏప్రిల్‌లో పగుళ్ళు విచ్చి బకెట్ల కొద్దీ మింగుతుంది, ఆగస్టులో అదే నేల చుక్క పీల్చదు. అలాగే ఊట ఎంత లోతులో ఉందో వానాకాలం చివర్లో పక్కింటి బావిలో చూడండి. నేల మట్టానికి 1.8 మీటర్ల లోపు, అంటే ఆరడుగుల లోపు నీళ్ళుంటే మామూలు గుంత వద్దని కోడ్ చెప్తుంది.

రెడీమేడ్ ట్యాంకులు, బయో డైజెస్టర్లు

ప్లాస్టిక్ ట్యాంకు, ఫైబర్ ట్యాంకు, కాంక్రీటు రెడీమేడ్ ట్యాంకు ఏదైనా సరే, కారవు అన్న ఒక్క గుణానికి నేను వాటికి మంచి మార్కులు వేస్తాను. కోనసీమ లాంటి చోట, మూడడుగులు తవ్వితే నీళ్ళొచ్చే చోట, ఇటుక ట్యాంకు కట్టడమే పెద్ద యుద్ధం. అక్కడ రెడీమేడ్‌ది మేలు. కానీ ఖాళీగా ఉన్నప్పుడు ఊట పైకి తోస్తే తేలిపోతుంది, కింద కాంక్రీటు వేసి బిగించాలి. మడ్డి తీసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయించవద్దు.

బయో డైజెస్టర్ అన్న పేరు ఇప్పుడు ప్రతి హార్డ్‌వేర్ షాపులో వినిపిస్తోంది. దీని వెనక రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పని ఉంది. మంచుకొండల్లో సైనికుల కోసం మొదలై, తర్వాత రైలు బోగీల కింద కూడా ఈ ట్యాంకులు వచ్చాయి. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవుల్ని ముందే లోపల వేస్తారు, అవి మలాన్ని తినేస్తాయి. మడ్డి తక్కువ పేరుకుంటుందన్న మాట ఒప్పుకోవచ్చు. అమ్మేవాళ్ళు చెప్పే "జీవితంలో క్లీనింగ్ అవసరం లేదు, బయటికొచ్చే నీళ్ళు తోటకు వాడుకోవచ్చు" అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఇదీ గాలి లేని ట్యాంకే. బయటికొచ్చే నీళ్ళకు గుంతో, రెల్లు మొక్కల మడో కావాల్సిందే. యాసిడ్, ఫినాయిల్ ధారపోసి బాత్రూమ్ కడిగే అలవాటున్న ఇంట్లో ఆ సూక్ష్మజీవులు బతకవు. కొనాలనుకుంటే ఐదేళ్ళ కిందట అదే కంపెనీ పెట్టిన ఒక ఇంటికి వెళ్ళి మూత తీసి చూపించమనండి. చూపించలేని వాళ్ళ దగ్గర కొనవద్దు.

నేల నీళ్ళు తీసుకోనప్పుడు

నల్లరేగడి, ఊట పైన ఉన్న డెల్టా, అడుగు తవ్వితే బండ తగిలే హైదరాబాద్ శివార్లు ఈ మూడింటిలోనూ సమస్య ఒకటే. నీళ్ళు కిందికి పోవు. ఇక్కడ ట్యాంకు వెనక ఒక ఫిల్టర్ గది కడతారు. నీళ్ళు కింది నుంచి కంకర పొరల గుండా పైకెక్కి బయటికొస్తాయి, ఆ కంకర మీద పెరిగే జీవులు మిగిలిన మురికిని తింటాయి. కరెంటు అక్కర్లేదు. కొన్నేళ్ళకోసారి కంకర కడగాలి. ఆ తర్వాత ఆ నీళ్ళను మొక్కల మడిలోకి ఇస్తారు. కిందికి ఇంకకుండా అడుగు గట్టిగా చేసిన తొట్టిలో కంకర నింపి, మెట్టతామర, రెల్లు లాంటివి పెడతారు. ఊట పైనే ఉండి నేల మాత్రం ఇసుకదైతే, నేల మీద మట్టి గుట్ట పోసి అందులో కన్నాల పైపు పరిచే పద్ధతీ కోడ్‌లో ఉంది. ఖర్చు వట్టి గుంతకంటే ఎక్కువే అవుతుంది, స్థలమూ కావాలి. అయినా ఇలాంటి నేలల్లో ఇది తప్ప నిజాయితీ గల దారి నాకు కనిపించలేదు.

గాలి ఊదే మోటారుతో (బ్లోయర్) నడిచే చిన్న ఎస్‌టీపీలు, అంటే మురుగు శుద్ధి ప్లాంట్లు, ఒక్క ఇంటికి నేను సిఫారసు చెయ్యను. బ్లోయర్ ఆగితే రెండు రోజుల్లో జీవులు చచ్చిపోయి మళ్ళీ వాసన మొదలవుతుంది, బాగుచేసేవాడు జిల్లా కేంద్రం నుంచి రావాలి. అదే పది ఇరవై ఇళ్ళు కలిసి ఒకటి పెట్టుకుని, నెల నెలా చందా వేసుకుని ఒక మనిషిని చూసుకోమంటే చక్కగా నడుస్తుంది. కొత్త లేఅవుట్‌లో ప్లాటు కొనేవాళ్ళకు నా సలహా, రోడ్డు వెడల్పు అడిగినట్టే మురుగు ఎక్కడికి పోతుందని కూడా అడగండి. "ఎవరి ట్యాంకు వాళ్ళదే" అంటే, పైన చెప్పిన 18 మీటర్ల లెక్క వేసి ధర మాట్లాడండి.

గట్టి నియమం ఎలా ఉంటుందో చూడాలంటే మనవాళ్ళు చాలామంది స్థిరపడ్డ టెక్సస్ చూడండి. డాలస్ చుట్టుపక్కల డ్రైనేజీ లైను లేని చోట ఎకరా స్థలంలో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలకు ఇది ఎదురవుతుంది. అక్కడ రాష్ట్ర నియమావళిలో 285వ అధ్యాయం ఇంటి మురుగు వ్యవస్థల కోసమే ఉంది. మామూలుగా పర్మిట్ లేకుండా కట్టకూడదు. సొంత బావి ఉంటే కొత్త ప్లాటు కనీసం ఎకరా, ఊరి నీళ్ళు వస్తుంటే అర ఎకరా. నీళ్ళింకే చోటికి, సొంత బావికి మధ్య వంద అడుగులు. గాలి ఊదే ఏరోబిక్ వ్యవస్థ పెడితే మొదటి రెండేళ్ళు మెయింటెనెన్స్ కాంట్రాక్టు తప్పనిసరి, నాలుగు నెలలకోసారి టెక్నీషియన్ వచ్చి పరీక్షించి రిపోర్టు పంపాలి. అలాంటి ఇల్లు కొనేముందు పర్మిట్ కాగితం, పాత రిపోర్టులు కౌంటీ ఆఫీసు నుంచి తెప్పించుకోండి.

మడ్డి తీయించడం

రెండు మూడేళ్ళకోసారి. ట్యాంకు పొంగేదాకా ఆగవద్దు. సగానికి మించి మడ్డి చేరిందంటే ఆలస్యమైనట్టే, పొడవాటి కర్ర దించి చూస్తే తెలుస్తుంది.

పని మిషన్‌తో చెయ్యాలి, బయటే నిలబడి చెయ్యాలి. ఈ ఒక్క విషయంలో నేను గొంతు పెంచడానికి వెనకాడను. 2013 చట్టంలో 7వ సెక్షన్ ప్రకారం ఏ వ్యక్తీ, ఏ సంస్థా మనిషిని సెప్టిక్ ట్యాంకులో ప్రమాదకరంగా శుభ్రం చేసే పనికి పెట్టకూడదు. "ఏ వ్యక్తీ" అంటే ఇంటి యజమాని కూడా. మొదటిసారి తప్పుకు రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఐదేళ్ళు, ఐదు లక్షల వరకు. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. సఫాయి కార్మికుల ఉద్యమ నేత బెజవాడ విల్సన్ లాంటి వాళ్ళు దశాబ్దాలు పోరాడితే వచ్చిన మార్పు ఇది.

ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్ళు గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "వాసన తగ్గింది, ఇప్పుడు దిగొచ్చు" అనుకున్న క్షణంలో మనిషి కుప్పకూలుతాడు. కాపాడడానికి దిగిన రెండోవాడూ అంతే. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్తలు ఇలాంటివే. ట్యాంకర్ వాళ్ళు మనిషిని దించుతామంటే పని ఆపించి పంపెయ్యండి. తీసిన మడ్డి ఎక్కడ పోస్తారని కూడా అడగండి. మడ్డి శుద్ధి కేంద్రం పేరు చెప్పలేకపోతే అది చెరువులోకో, వాగులోకో పోతుంది. పట్టణాల్లో మునిసిపాలిటీ దగ్గర లైసెన్సున్న ట్యాంకర్ల జాబితా అడగొచ్చు.

దీనికి ఇల్లు కట్టేటప్పుడే ఆలోచన కావాలి. ట్యాంకును ఇంటి వెనక, సందు చివర, వంటగది కింద పెట్టినవాళ్ళు తర్వాత చాలా టెన్షన్ పడతారు. బండి పైపు అందే చోట, ముందు వైపు పెట్టండి. ప్రతి గదికీ వేరుగా ఒక మూత ఉండాలి, పిల్లలు లేపలేనంత బరువుగా ఉండాలి. దాని మీద టైల్స్ వేసి కప్పెయ్యవద్దు.

ఇప్పటికే అడుగు లేని ట్యాంకు ఉంటే

మా అక్క వాళ్ళ ఇంట్లో చేసింది చెప్తాను. ముందు బోరు నీళ్ళు తాగడం, వంటకు వాడడం ఆపేశారు. మిషన్‌తో ట్యాంకు ఖాళీ చేయించి, లోపలికి ఎవరినీ దించకుండా మూసి, దాన్ని వాడకం నుంచి తప్పించారు. పాతదానికి అడుగు వెయ్యాలంటే మనిషి దిగాలి, అది వద్దనుకున్నాం. రోడ్డు వైపు కొత్త రెడీమేడ్ ట్యాంకు పెట్టి, దాని వెనక కంకర ఫిల్టర్, ఆపైన మెట్టతామర మడి వేశారు. పాత గుంతను మొరంతో నింపేశారు. బోరు నీళ్ళు ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే ఈ-కొలై లేదు, నైట్రేటు పరిమితికి దగ్గరలోనే ఉంది. తాగడానికి ఇప్పటికీ ఆ నీళ్ళు వాడడం లేదు. ట్యాంకు మూత, పైపుల దారి, మడి, బోరు, వాన నీటి గుంత ఎక్కడెక్కడ ఉన్నాయో గోడ నుంచి కొలిచి ఒక కాగితం మీద గీసి, మడ్డి తీయించిన తేదీలు పక్కన రాస్తూ, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టుకున్నారు.